అల్లుడా, స్లాబ్‌కు ముందు నీళ్లు చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

దేవరకొండలో ముగ్గు పోశారని అక్క ఫోన్ చేసి చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను, గదులు బాగానే కుదిరాయి. టైల్స్, గేటు డిజైన్ అన్నీ ఇప్పుడే తేల్చేశావు గానీ బోరులో నీళ్లు ఏమాత్రం పడ్డాయో రాయలేదు. నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ని, నాకు ముందు అదే కావాలి. వాస్తు నన్నడగకు, చెప్పేవాళ్లు వీధికి ఇద్దరున్నారు.

మా ఇంటి సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఊరందరికీ ఇళ్లు కట్టి, నా ఇంటి స్లాబ్ మాత్రం నడి మే నెలలో పోశాను. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందర. మూడో రోజుకే బోరు గాలి కొట్టింది. ట్యాంకర్ ఎందుకు దండగ, చాల్లే అనుకున్నాను. నాలుగేళ్లకు వంటింటి కప్పు చెమ్మెక్కింది. తర్వాత ఒక సాయంత్రం మీ అత్త జొన్నరొట్టెలు కాలుస్తుంటే అరచేయంత పెచ్చు ఊడి పొయ్యి పక్కనే పడింది. తలెత్తి చూస్తే లోపలి ఇనుప సలాక తుప్పుపట్టి, ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉంది.

క్యూరింగ్, అంటే పోసిన స్లాబ్‌ను రోజుల తరబడి తడిగా ఉంచడం, ఎగ్గొట్టడం ఒక్కటే కాదు నా తప్పు. పోసిన రోజు మాలులో, అదే కాంక్రీటులో, నీళ్లు ఎక్కువయ్యాయి. మాలు కలిపే మిల్లర్ దగ్గరున్నవాడు బకెట్ ఎత్తి కుమ్మరిస్తూనే ఉంటాడు. మాలు పలచగా ఉంటే పరిచేవాళ్లకు సుఖం. సిమెంటు తాగింది తాగగా మిగిలిన నీళ్లు ఎండకు ఆవిరైపోయి, ఆ జాగాలో సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వానాకాలంలో నీళ్లు ఆ దారినే సలాక దాకా దిగుతాయి. 50 కిలోల బస్తాకు 30 లీటర్లు దాటనివ్వకు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించు. స్లాబ్ కింద పరిచే సెంట్రింగ్ డబ్బాల సందుల్లోంచి సిమెంటు పాలు ధారగా కారుతున్నాయంటే పని ఆపించు. గొణుగుతారు, గొణగనీ. కూరడానికి వైబ్రేటర్ ఉంది.

వయసులో పాలమూరు గుంపులతో ప్రాజెక్టు పనులకు పోయినవాణ్ని. అక్కడ ఇంజనీరు నెత్తిమీద నిలబడి నీళ్లు కొలిపించేవాడు. ఇంటికొచ్చాక అవే చేతులతో కంటి కొలతన కుమ్మరించాం, అడిగేవాడు లేక.

మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది తాగేవాళ్ల ఎముకలను పట్టేది. సలాకకు శత్రువు ఉప్పు. పుక్కిలిస్తే ఉప్పగా తగిలే బోరు నీళ్లు మాలులో కలపకు. అనుమానముంటే టెస్ట్ చేయించు, లీటరుకు క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక పోశాక. స్లాబ్ గట్టిపడటం మొదలవగానే తడి గోనెసంచులు కప్పించు. తెల్లారి సిమెంటు, ఇసుకతో జానెడు జానెడు గట్లు పెట్టి నారుమడుల్లా కట్టించి నీళ్లు నింపు. చాలామంది పైపుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపి వెళ్లిపోతారు. మన ఎండకు అది గంటలో ఆరిపోతుంది. నీ స్లాబ్ వెయ్యి చదరపు అడుగులు. రెండంగుళాల నీళ్లు నిలపాలంటే ఒక్కసారికే 4,700 లీటర్లు, ఇంచుమించు పెద్ద ట్యాంకర్. తగ్గినప్పుడల్లా మళ్లీ పోయాలి. ఈ లెక్క ఎస్టిమేట్‌లో ఎవరూ రాయరు, నువ్వు రాసుకో. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది బూడిద కలిపిన పీపీసీ సిమెంటు. దానికి పది రోజులు తప్పనిసరి, మన ఎండలకు 14 రోజులు. పిల్లర్లకు గోనెసంచి చుట్టి తడుపు.

ఈ నీళ్లు ఎవరు కొట్టాలో గుత్త మాట్లాడేటప్పుడే కాగితం మీద పెట్టు. స్లాబ్ డబ్బు చేతిలో పడ్డాక మేస్త్రీ ఇంకో సైటులో తేలతాడు. నేనూ తేలేవాణ్ని. కొంత పైకం క్యూరింగ్ అయ్యేదాకా ఆపు. డబ్బాల కిరాయి పెరుగుతోందని సెంట్రింగ్ వాళ్లు వారానికే వస్తారు. నీ హాలు అడ్డం 16 అడుగులు, కాబట్టి 14 రోజుల లోపు కింద నిలబెట్టిన పోట్లు తీయనివ్వకు.

సలాక తూచి తీసుకో. 12 ఎం.ఎం. సలాక 12 మీటర్లది పది కిలోల ఏడువందల గ్రాములకు అటూఇటూ తూగాలి. స్లాబ్‌లో సలాక డబ్బాలకు తగలకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు కింద పెట్టించు, కంకర రాళ్లతో సరిపెట్టనివ్వకు.

అక్క పాత వంటగది కూల్చొద్దంటోందట. ఉంచు, కానీ కొత్త గోడను దానికి కలిపి కట్టకు. పాతది దిగాల్సినంత దిగింది, కొత్తది ఇంకా దిగాలి. పైగా నీది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది. రెంటి మధ్య అంగుళం సందు వదిలి పైన రేకు కప్పు. బునాది మొరం తగిలేదాకా తవ్వించు. తవ్విన నల్లమట్టి మళ్లీ బేస్‌మెంట్‌లో పడనివ్వకు, బయటి మొరం కొట్టించు.

స్లాబ్ తారీఖు ఖాయమయ్యాక ఒక మాట చెప్పు. ముందు రోజే కల్వకుర్తిలో బస్సెక్కి వస్తా. లోపల గీతలున్న పది లీటర్ల బకెట్ రెండు కొని పెట్టు, మిల్లర్ దగ్గర నేనే కూర్చుంటా.

మీ మామ