ముసలి పిల్లికి ఏం పెట్టాలి?

చిట్టితల్లీ,

బుజ్జికి పన్నెండేళ్లు దాటాయని, గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెళ్లిపోతోందని, మీ అత్తగారేమో "ముసలిదైంది కదా, పెరుగన్నం పెట్టండి, తేలిగ్గా అరుగుతుంది" అంటున్నారని రాశావు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ మనుషులకి పనికొచ్చే ఆ పద్ధతి పిల్లికి పనికిరాదు. వయసు మళ్లిన పిల్లికి తిన్నది ఒంటికి పట్టడం తగ్గుతుంది, కండ కరిగిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు మాంసం తగ్గించి అన్నం పెడితే కడుపు నిండుతుందేమో గాని కండ నిలవదు. పాలు కూడా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి.

ముందు దాని నోరు చూడు. చిగుళ్లు ఎర్రగా ఉన్నా, నోరు వాసనొస్తున్నా, ఒకవైపే నములుతున్నా, తిండి మార్చే ముందు పళ్ల సంగతి తేల్చుకోవాలి. ఆకలి ఉండి కూడా నొప్పి వల్ల తినని ముసలి పిల్లులను నేను చాలా చూశాను.

రోజువారీ తిండి మాత్రం ప్యాకెట్ మీద "కంప్లీట్" అని, అంటే కావలసిన పోషకాలన్నీ ఉన్నాయని రాసిన వెట్ ఫుడ్ (పౌచ్‌లలో వచ్చే తడి తిండి) అయితే మంచిది. నాకించే క్రీము ట్యూబులు చిరుతిండే, భోజనం కాదు. డ్రై ఫుడ్‌లో నీరు పది శాతం దాకానే ఉంటుంది, వెట్ ఫుడ్‌లో ముప్పావు వంతుకి పైనే. పిల్లులకి దాహం తక్కువ, ముసలితనంలో కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువ. గుంటూరు ఎండల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన తిండికి వాసన రాదు, ముసలి పిల్లికి వాసన రాకపోతే తినబుద్ధి కాదు. పౌచ్‌ని వేడినీళ్ల స్టీలు గ్లాసులో కాసేపు నిలబెట్టు. మణికట్టు మీద కాస్త వేసి చూస్తే గోరువెచ్చగా తగలాలి. కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టు. వేసవిలో మిగిలింది గంటలోపే తీసెయ్. చీమలు పట్టకుండా గిన్నెని నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచు.

చికెన్ ఉడికించి పెడతానంటే పెట్టు, కానీ ఎముకలు లేకుండా, అప్పుడప్పుడే. ఉత్త ముక్కల్లో కాల్షియం చాలదు. ఉడికించిన నీళ్లు పారబోయకు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం చాలావరకు ఆ నీళ్లలోకే దిగుతుంది. అది చాలకపోతే పిల్లి గుండె బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. చూపు కూడా పోవచ్చు. మన కూరలో ముక్క కడిగి పెట్టడం అసలు వద్దు. కారం కంటే ఉల్లి, వెల్లుల్లి ప్రమాదం, అవి రక్తకణాలను పాడుచేస్తాయి. చేప ఇష్టమైతే ఉడికించి, ముళ్లు తీసి ఎప్పుడైనా పెట్టు. పచ్చి చేప, రోజూ చేప రెండూ వద్దు. లివర్ కూడా రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై ఎముకలకి చేటు.

ఏది మార్చినా పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులు తీసుకో. మొండికేస్తే ఆకలేసినప్పుడు అదే తింటుందిలే అని వదిలెయ్యకు. రెండు రోజులు తినకపోయినా పిల్లికి లివర్లో కొవ్వు పేరుకోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఒక రోజు పూర్తిగా ముట్టకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లు.

నెలకోసారి దాన్ని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కి, తర్వాత నీ ఒక్కదాని బరువు తీసెయ్. నాలుగు కేజీల పిల్లి నాలుగొందల గ్రాములు తగ్గితే అది చాలా ఎక్కువ. బాగా తింటూ కూడా చిక్కిపోతే థైరాయిడ్, నీళ్లు ఎక్కువ తాగుతుంటే కిడ్నీ లేదా షుగర్ చూపించాలి. కిడ్నీ తిండి పేరుతో ప్రొటీన్ మాత్రం నీ అంతట నువ్వు తగ్గించకు, రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. అక్కడ వీలు కాకపోతే బుజ్జిని తీసుకుని ఇక్కడికి రా, గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి కలిసి వెళ్దాం. ఈలోగా ఈ రోజు బరువెంతో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ,
సత్యనారాయణపురం, విజయవాడ