పందుల మలపరీక్షలో సాల్మొనెల్లా నెగటివ్ వస్తే మంద అంతా సురక్షితమేనా?

కాదు, కొన్ని పందుల మలంలో సాల్మొనెల్లా కనబడలేదంటే ఆ రోజు ఆ నమూనాలలో అది దొరకలేదని మాత్రమే అర్థం, మందలోనే లేదని కాదు.

ఈ బ్యాక్టీరియా సోకిన పంది చాలాసార్లు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ, దానిని టాన్సిళ్లలోనూ పేగులను అంటి ఉండే శోషరస గ్రంథులలోనూ మోస్తూ, మలంలో కొన్నాళ్లు విసర్జించి కొన్నాళ్లు మానుతుంది. లారీ ప్రయాణం వంటి ఒత్తిడి కలిగితే విసర్జన మళ్లీ పెరుగుతుంది. పైగా మలంలో దీని సంఖ్య తక్కువగా ఉండవచ్చు కనుక, ల్యాబులో నమూనాను ముందుగా పోషక ద్రవంలో 37 డిగ్రీల వద్ద ఒక రాత్రి ఉంచి, తరువాత ఇతర బ్యాక్టీరియాను అణచే ద్రవంలోకి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌డి అగార్ (సాల్మొనెల్లాను రంగుతో గుర్తుపట్టేలా చేసే గట్టి పోషక పదార్థం) ప్లేటు మీదికి మార్చి, నడుమ నల్లచుక్క ఉన్న ఎర్రటి కాలనీల కోసం వెతుకుతారు. ఫలితానికి నాలుగైదు రోజులు పట్టేది అందుకే, ల్యాబు అలసత్వం వల్ల కాదు.

చిత్తూరు దగ్గర 100 పందులున్న ఒక ఫారంలో 10 పందులు దీనిని విసర్జిస్తున్నాయనుకుందాం. యజమాని ఏవో 5 పందుల నమూనాలనే తిరుపతిలోని ల్యాబుకు పంపితే, ఆ పదింటిలో ఒక్కటీ అందులో పడకపోయే అవకాశం 58 శాతం. 25 పందుల నుంచి తీస్తే అది సుమారు 5 శాతానికి దిగుతుంది. యాంటీబయాటిక్ ఇచ్చిన తరువాత తీసిన నమూనాలైతే ఈ లెక్కను కూడా నమ్మలేము.

మలపరీక్ష రిపోర్టులో చాలామంది పొరబడే మరో విషయం ఈ.కోలి అనే వేరే బ్యాక్టీరియా. రిపోర్టులో ఆ పేరు చూడగానే రోగమనుకుంటారు గానీ, అది ప్రతి పంది పేగులోనూ సహజంగా ఉండేదే. పంది పిల్లలకు విరేచనాలు కలిగించే ఎఫ్4, ఎఫ్18 వంటి ఈ.కోలి రకాలు ఉన్నాయో లేవో పీసీఆర్ అనే జన్యు పరీక్షతో చూసిన తరువాతే ఆ రిపోర్టుకు విలువ.