అమ్మలూ, ముందు రోడ్డు కొలవండి

అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా రాత్రి మళ్ళీ ఆలోచించాను. చెన్నై టీ.నగర్లో మీ పక్క బంగళా పడగొట్టి నాలుగు గ్రౌండ్లలో స్టిల్ట్ ప్లస్ అయిదు, అంటే కింద కార్లకి ఖాళీ, పైన అయిదంతస్తులు వేస్తారట, మీ వంటింట్లోకి ఎండ రాదట, మీ అసోసియేషన్ వాళ్ళు వీధంతా తిరిగి సంతకాలు పెట్టించి అర్జీ ఇస్తారట. ఇవ్వండి. కానీ నువ్వు చదివి వినిపించిన ఆ అర్జీ మాత్రం వద్దు.

మీ అన్నయ్య అమెరికా నుంచి చెప్పినట్టు ఇరుగుపొరుగును పిలిచి, కుర్చీలేసి, అభిప్రాయాలు అడగడం మన దగ్గర ఉండదు. ఇళ్ళ జోన్‌ను కమర్షియల్‌గా మార్చాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు. ఇళ్ళున్న చోట ఇళ్ళే కడుతుంటే అదీ లేదు. ఎగ్మూరులో సీఎండీఏ, అదే ప్లాన్లు పాస్ చేసే చెన్నై నగరాభివృద్ధి సంస్థ ఆఫీసులో, ప్లాన్‌ను 2019 బిల్డింగ్ రూల్స్‌తో పోల్చి చూస్తారు. మీ కాగితం ఆ పోల్చి చూసే మనిషికి పనికిరావాలి. ఆయన ముందున్న ఫారంలో మీ బాధ రాసుకోవడానికి గడి లేదు. అడుగులకీ మీటర్లకీ ఉంది.

అందుకే ముందు రోడ్డు కొలవండి. టీ.నగర్లో వీధి వెడల్పే సగం కథ. మామూలుగా స్థలానికి రెండింతలు కట్టుకోవచ్చు. నాలుగు గ్రౌండ్లంటే 9,600 చదరపు అడుగులు, దానికి 19,200. రోడ్డు 9 మీటర్లుంటే డబ్బు కట్టి మరో 30 శాతం, అంటే 5,760 అడుగులు అదనంగా తీసుకోవచ్చు. అయిదారు ఫ్లాట్లు! 9 మీటర్లంటే ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. మీ వీధిని అందరూ 'ముప్పై అడుగుల రోడ్డు' అంటారు గానీ, ఆ మాట నమ్మకు. తెల్లవారుజామున అయిదున్నరకి, కార్లు కదలకముందే, ఇద్దరు టేపు పట్టుకుని కాంపౌండ్ గోడ నుంచి కాంపౌండ్ గోడకి కొలవండి. వాళ్ళ గేటు దగ్గర ఒక్కచోటే కాదు, మెయిన్ రోడ్డు దాకా పదిచోట్ల. ఈబీ వాళ్ళ కరెంటు బాక్సు ముందుకొచ్చిన మూల మరీ ముఖ్యం. టౌన్ సర్వే స్కెచ్ తీసుకుని దాని పక్కన మీ కొలతలు రాయండి. తేడా ఉంటే అదొక్కటే మీ మొదటి పేజీ.

ఎండ సంగతి వదిలెయ్యి. బిల్డింగ్ ఎత్తు 18.30 మీటర్లు దాటితే అది రూల్స్ లెక్కలో హైరైజ్ అవుతుంది, చుట్టూ 7 మీటర్లు ఖాళీ వదలాలి. నాలుగు గ్రౌండ్లలో అది ఎవరికీ గిట్టదు కాబట్టి వాళ్ళు అక్కడే ఆగుతారు. రోడ్డు వెడల్పు సరిపోతే ఆ ఎత్తు వాళ్ళ హక్కు.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. తొంభైల్లో మా వీధిలో ఇలాంటిదే వస్తే నేనే పెద్దరికం మీద వేసుకుని, 'మా ప్రశాంత జీవనానికి భంగం' అని మూడు పేజీలు రాసి, నలభై మంది సంతకాలతో ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా చదివి, "సార్, మీ బిల్డింగులో పక్క ఖాళీ స్థలం మీద షీటు వేసి కార్లు పెడుతున్నారు కదా, దానికి పర్మిషన్ ఉందా?" అన్నాడు. నలభై మందిలో ఒక్కరు నోరెత్తలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రోడ్డు మీదకి దిగిన మీ ర్యాంపు, వెనక ఖాళీలో కట్టిన వాచ్‌మన్ గది సంగతి ముందు చూసుకోండి.

ఇక అడగదగినవి అడగండి. టీ.నగర్ 1920లలో లాంగ్ ట్యాంక్ చెరువును పూడ్చి వేసిన ఊరు. పానగల్ రాజా, పిట్టి త్యాగరాయ చెట్టి మనవాళ్ళేనని మురిసిపోతాం గానీ, వాళ్ళ పేర్లు పెట్టిన నేల చెరువు అడుగని మర్చిపోతాం. 2015 డిసెంబరు వరదలో నీళ్ళకి గుర్తొచ్చింది. కాబట్టి మట్టి పరీక్ష రిపోర్టు, తవ్వేటప్పుడు మీ గోడకి వేసే రక్షణ, తోడిన నీళ్ళు పంపే దారి, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. చెన్నై శివారు మౌళివాక్కంలో 2014లో కూలి 61 మందిని పొట్టన పెట్టుకున్న భవనానికి కూడా పర్మిషన్ ఉంది. తవ్వకం మొదలుకాకముందే మీ ప్రతి గదిలో గోడలు, సన్‌షేడ్ కింద, బాత్రూం టైల్స్ తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకో. ఆ తర్వాత వచ్చే పగులు ఎవరిదన్న వాదన అక్కడే తేలుతుంది.

ప్లాన్ చూపించరని భయపడకు. ఆర్టీఐకి 10 రూపాయలు, 30 రోజులు. అప్రూవల్ అయ్యి, ఫ్లాట్ల అమ్మకాలను చూసే రెరాలో రిజిస్టర్ చేశాక అయితే వాళ్ళ వెబ్‌సైట్లోనే పెడతారు. రిజిస్ట్రేషన్ రాకుండానే బుకింగ్ అని బోర్డు పెట్టారా, ఫొటో తీసి అక్కడికే పంపు. అన్నట్టు, అప్రూవల్ వచ్చిందని ఫైలు మూసెయ్యొద్దు. కంప్లీషన్ సర్టిఫికెట్ లేకుండా వాళ్ళకి పర్మనెంట్ కరెంటు, నీళ్ళు రావు. టెర్రస్ మీద ఆరోది మొలిచినా, పక్క ఖాళీ తగ్గినా, మీ రెండో ఉత్తరం ఆ సర్టిఫికెట్ ఇవ్వకముందు చేరాలి.

అర్జీ రెండు పేజీలు దాటనివ్వకు. సంతకాలు పది చాలు, కానీ ఆ పదిమందీ పిలిస్తే ఎగ్మూరు రాగలిగినవాళ్ళై ఉండాలి. రిసీట్ ముద్ర వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.

గుడ్డ టేపు సాగుతుంది, దాంతో కొలవొద్దు. నా స్టీలు టేపు, ముప్పై మీటర్లది, బీరువా కింది అరలో ఉంది. శనివారం సాయంత్రం వచ్చి ఇక్కడే పడుకో. పొద్దున్నే కలిసి వెళదాం, రెండో కొస నేను పట్టుకుంటాను.

మీ పెదనాన్న