చిచెన్ ఇట్సా కోసం పాకులాడకండి, చక్చోబెన్ చాలు

టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి డిసెంబరులో ఏడు రోజుల క్రూజ్ (ఓడ ప్రయాణం) అన్నారు. మెక్సికోలో కోస్టా మాయా, బెలీజ్ దేశంలో బెలీజ్ సిటీ, మళ్ళీ మెక్సికోలో కోజుమెల్ రేవుల దగ్గర ఆగుతుంది. వెంట అరవై అయిదు దాటిన అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల బాబు. ఆ చుట్టుపక్కల చిచెన్ ఇట్సా, చక్చోబెన్, తులూం లాంటి పాతకాలపు మాయన్ నాగరికత శిథిలాల్లో ఒక్కదానికే డబ్బు పెట్టగలం, ఏది చూడాలి అని కదా మీ ప్రశ్న.

నేనైతే కోస్టా మాయాలో దిగి చక్చోబెన్‌కి వెళ్తాను. దెబ్బ తిన్నాకే నాకీ తెలివి వచ్చింది.

మా మొదటి క్రూజ్‌లో అత్తయ్య, మామయ్య కూడా ఉన్నారు. "ప్రపంచ వింతల్లో ఒకటట, ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎలా" అని కోజుమెల్ నుంచి చిచెన్ ఇట్సా టూర్ తీసుకున్నాను. కోజుమెల్ ఒక ద్వీపమనీ, చిచెన్ ఇట్సా అవతలి ఒడ్డున ఎక్కడో లోపల ఉందనీ మ్యాప్ చూసి కూడా పట్టించుకోలేదు. ఓడ దిగీ దిగగానే ఫెర్రీ ఎక్కించారు. అవతలి ఒడ్డున ఉన్న ప్లాయా దెల్ కార్మెన్ చేరడానికి ముప్పావు గంట. ఆ రోజు అలలు ఎక్కువగా ఉండి మామయ్యకి వాంతులు. అక్కడి నుంచి బస్సులో రెండున్నర గంటలు. చేరేసరికి మిట్టమధ్యాహ్నం, చేతిలో ఉన్నది గంటన్నర.

చూసిందాన్ని తక్కువ చేయను. కుకుల్కాన్ పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన గుడి గడప మెట్టుతో కలిపి 365 అని గైడ్ చెప్తుంటే ఒళ్ళు జలదరించింది. ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది. కానీ 2006 నుంచి పైకి ఎక్కనివ్వడం లేదు. అప్పటి మాయన్లు బంతాట ఆడిన మైదానం 168 మీటర్ల పొడవు, దాని రెండో చివరిదాకా నడిచే టైమ్ కూడా మాకు లేదు. దారి పొడవునా బొమ్మలమ్మేవాళ్ళు జాగ్వార్ గర్జించినట్టు ఈలలు ఊదుతూనే ఉన్నారు. మామయ్య ఒక చెట్టు కింద కూలబడి "పొద్దుట్నుంచీ కూర్చోబెట్టి తెచ్చింది ఈ ఎండలో నిలబెట్టడానికా అమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్ల తర్వాత మా అమ్మ వచ్చినప్పుడు చక్చోబెన్‌కి వెళ్ళాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి, అందుకే దగ్గరలో ఉన్నది చూసుకున్నాను. రేవు నుంచి బస్సులో గంట లోపే. ఫెర్రీ గొడవ లేదు. పెద్ద పెద్ద తాటాకుల లాంటి ఆకులున్న చెట్ల నీడలో నడక, మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఒక గుడి. చిచెన్ ఇట్సా అంత గొప్ప కట్టడాలు కావు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ ఒకచోట గచ్చు మీద పాత ఎర్రరంగు ఇంకా మిగిలి ఉంది. ఇప్పుడు బూడిదరంగులో కనిపించే ఈ రాళ్ళన్నీ అప్పట్లో రంగులు పూసినవేనని అది చూశాకే నమ్మకం కలిగింది. చక్చోబెన్ అంటే ఎర్ర మొక్కజొన్నల చోటు అని అర్థం చెప్తారు. అమ్మ నడిచినంత నడిచి, మిగతా సేపు నీడలో కూర్చుని, మధ్యాహ్నానికి ఓడలో భోజనానికి వచ్చేసింది. దోమల మందు మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి.

బాబు "ఎక్కాలి" అని గొడవ చేసే రకమైతే మాత్రం బెలీజ్‌లో ఆల్తున్ హా అనే మాయన్ శిథిలాలు చూడండి. రేవు నుంచి సుమారు గంట. పెద్ద గుడి ఎత్తు 16 మీటర్లే, మేం వెళ్ళినప్పుడు ఎక్కనిచ్చారు. మా వాడు పైకెక్కి దిగడానికి ఒప్పుకోలేదు. 1968లో ఆ గుడిలోని ఒక సమాధిలోనే జేడ్ అనే పచ్చరాయితో చెక్కిన సూర్యదేవుడి తల దొరికింది, బరువు 4.42 కిలోలు. వెళ్ళేముందు బాబుకి మాయన్ అంకెలు నేర్పండి: చుక్క అంటే 1, గీత అంటే 5, గవ్వ లాంటి బొమ్మ సున్నా. గీత మీద మూడు చుక్కలు పెడితే వాడి వయసు.

బెలీజ్‌తో చిక్కు ఒకటుంది. అక్కడ తీరం దగ్గర లోతు లేక ఓడ దూరంగా లంగరు వేస్తుంది. టెండర్ అనే చిన్న పడవలోకి దిగి ఇరవై నిమిషాల పైనే వెళ్ళాలి. ఆ ఊగే పడవలోకి అమ్మానాన్నలు దిగగలరో లేదో ముందు చూసుకోండి. బెలీజ్‌లోనే లమనాయ్ అని ఇంకో శిథిలాల చోటు ఉంది, నదిలో పడవ మీద మొసళ్ళని చూసుకుంటూ వెళ్ళడం అద్భుతమంటారు. కానీ దానికి రోజంతా పడుతుంది, మీ గుంపుకి వద్దు.

తులూం గురించి కూడా రాశారు. సముద్రపు ఒడ్డున కొండమీద కోట, ఫొటోలకి దాన్ని మించింది లేదు. అయితే కోజుమెల్ నుంచి దానికీ అదే ఫెర్రీ, ఆపైన గంట బస్సు, అక్కడ నీడ దాదాపు లేదు. డిసెంబరులో ఉత్తరపు గాలులు లేస్తే ఫెర్రీలు ఆగిపోతాయి కూడా. కోజుమెల్‌లో ఉండగానే చూడాలనిపిస్తే ద్వీపంలోనే సాన్ హెర్వాసియో అనే మాయన్ శిథిలాలు ఉన్నాయి, టాక్సీలో వెళ్ళిరావచ్చు. కట్టడాలు చిన్నవి, కానీ పూర్వం ఇష్చెల్ అనే దేవత కోసం ఆడవాళ్ళు పడవల్లో సముద్రం దాటి వచ్చేవారట. అమ్మకి ఆ కథ నచ్చుతుంది.

గడియారం విషయంలో జాగ్రత్త. కోజుమెల్, కోస్టా మాయాలు ఏడాదంతా ఒకే టైమ్‌లో ఉంటాయి. డిసెంబరులో అది గాల్వెస్టన్ కన్నా గంట ముందు. బెలీజ్ టైమ్, గాల్వెస్టన్ టైమ్ అప్పుడు ఒకటే. కొన్ని ఓడలు గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు, ఫోన్ మాత్రం దానంతటదే మారిపోతుంది. బయట టూర్ బుక్ చేస్తే వాళ్ళు చెప్పే తొమ్మిది ఓడలో ఎనిమిది కావచ్చు. పెద్దవాళ్ళతో కాబట్టి నాలుగు డాలర్లు ఎక్కువైనా ఓడవాళ్ళ టూరే తీసుకోండి, బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది.

శాకాహారులైతే బయట భోజనంలో బీన్స్ గురించి అడిగి తినండి, పంది కొవ్వు వేసి వండడం అక్కడ మామూలే. మా అమ్మ ఇంకో రోజు బయట రెండు అరటిపళ్ళతో, ఒక చిప్స్ ప్యాకెట్‌తో గడిపేసింది.