బరువు తగ్గించే శస్త్రచికిత్సలో ఆచార్యులు కావాలంటే

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. మా బంధువు ఒకరికి విశాఖపట్నంలో బరువు తగ్గే ఆపరేషన్ జరిగినప్పటి నుంచి, తానూ ఆ సర్జన్ కావాలనీ, వైద్య కళాశాలలో పాఠం చెప్పాలనీ అంటోంది. ఎన్నేళ్ళ చదువు? ఇంటర్‌కు విశాఖ పంపడం మంచిదా? — ఒక తండ్రి

జవాబు: దారి పొడవైనది కనుక ముందు కాలం లెక్క చెబుతాను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎం.బి.బి.ఎస్. అయిదున్నర సంవత్సరాలు, నీట్ పీజీ ద్వారా జనరల్ సర్జరీలో ఎం.ఎస్. మూడు సంవత్సరాలు, ఆ పైన నీట్ సూపర్ స్పెషాలిటీ ద్వారా గానీ, ఎయిమ్స్ వంటి సంస్థల ఉమ్మడి పరీక్ష ద్వారా గానీ సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో (జీర్ణవ్యవస్థ శస్త్రచికిత్సలో) ఎం.సిహెచ్. అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ మరో మూడు సంవత్సరాలు పడతాయి. ఒక్క ఏడాదీ వృథా కాకపోయినా ముప్ఫయ్యో ఏడు దగ్గర పడుతుంది. ఎం.ఎస్. తరువాత లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్సలో) ఫెలోషిప్ చేసి నేరుగా ఈ ఆపరేషన్లలోకి వెళ్ళేవారూ ఉన్నారు. అయితే బోధనే ధ్యేయమైనప్పుడు నేను ఎం.సిహెచ్. వైపే మొగ్గుతాను.

కారణం ఈ శాఖ చరిత్రలోనే ఉంది. కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసిన రోగులు సన్నబడడం గమనించి, అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి చిన్నపేగుకు నేరుగా కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రారంభించారు. జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసివేసి సన్నని గొట్టంలా మిగిల్చే, నేడు ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్ కూడా మొదట ఒక పెద్ద శస్త్రచికిత్సలో తొలి దశ మాత్రమే. దానితోనే చాలామంది తగినంత బరువు తగ్గుతున్నారని రోగుల వివరాలు ఓపికగా రాసిపెట్టుకున్నవారు గుర్తించాక అది విడి చికిత్స అయింది. కనుక అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు, హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) వంటివాటిని క్షుణ్ణంగా నేర్చిన సర్జన్‌కే, స్లీవ్ తరువాత ఆమ్లం పైకి తన్నినా, కుట్ల వరుస దగ్గర లీకైనా ఏం చేయాలో తెలుస్తుంది.

ఆచార్యుల పని ఆపరేషన్ థియేటరుతో ముగియదు. విద్యార్థులకు బోధించాలి, వారి థీసిస్‌లకు మార్గదర్శకత్వం వహించాలి, పరిశోధన పత్రాలు ప్రచురించాలి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం పదోన్నతికీ ప్రచురణలు కావాలి. బైపాస్ చేయించుకున్నవారు విటమిన్ బి12, ఇనుము వంటివి జీవితాంతం తీసుకోవాలి గనుక, రోగిని ఏళ్ళ తరబడి వెంబడించి చూసే స్వభావం ఈ శాఖలో చేతి నైపుణ్యం కన్నా తక్కువది కాదని నా అభిప్రాయం. మన దేశీయులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు సాధారణంగా బి.ఎం.ఐ. (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే సూచిక) 35 నుంచి శస్త్రచికిత్సను సిఫారసు చేస్తూ, ఆసియావారికి మాత్రం 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వాలన్నాయి. ఇలాంటి హద్దులు మనవారికి ఎంతవరకు సరిపోతాయో తేల్చవలసింది మన వైద్య కళాశాలలే, అక్కడ మీ అమ్మాయి వంటివారికి చేయవలసిన పని ఎంతో ఉంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చి, కొద్దిగా సవర గిరిజనుల మాటా అర్థమయ్యే వైద్యురాలికి రోగులు తమ తిండి సంగతి దాచకుండా చెబుతారు.

ఇక విశాఖ విషయం. కోచింగ్ బాగుంటుందన్నది నిజమే. కానీ రెండేళ్ళ ఇంటర్ చదువుతోనే ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ హోదా (సీట్ల కేటాయింపులో స్థానికురాలిగా గుర్తింపు) రాదు, దానికి సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు అక్కడే ఉండాలి. ప్రభుత్వ కళాశాలల్లో అఖిల భారత కోటా 15 శాతం పోగా మిగిలిన 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావి కాబట్టి, బరంపురం ఎం.కె.సి.జి., కొరాపుట్ కళాశాలల్లో సీటుకు మీకున్న ఒడిశా అర్హత చాలా విలువైనది. ప్లస్ టూ రాయగడలోనో, బరంపురంలోనో చేర్పించి, కోచింగ్‌ను ఆన్‌లైన్‌లో ఇప్పించడమే నా సలహా. విశాఖకే పంపాలని నిశ్చయిస్తే, చేర్చే ముందే ఒడిశా కౌన్సెలింగ్ వివరణ పత్రంలో నివాస ధ్రువీకరణ నిబంధనలు చదివి, మీ రెసిడెంట్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి.