డాక్టర్ సలహా: జైల్లో ఉన్న తండ్రి బుద్ధి కొడుక్కి వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా భర్త ఒక హత్య కేసులో శిక్ష పడి మూడేళ్లుగా జైల్లో ఉన్నారు. మా బాబుకు తొమ్మిదేళ్లు. నాన్న దుబాయ్ వెళ్లాడని వాడికి చెప్పాం. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాగి వచ్చి నన్ను కొట్టేవారు, వాడు చూస్తూ పెరిగాడు. పోయిన నెల బడిలో ఒక పిల్లవాడు ‘జైలువాడి కొడుకు’ అన్నాడని కంపాస్‌తో చేతి మీద పొడిచాడు. ఇంటికొచ్చి మంచం కింద దూరి రాత్రి దాకా బయటికి రాలేదు. ‘తండ్రి రక్తం ఎక్కడికి పోతుంది’ అంటున్నారు మా అత్తగారు. నేరబుద్ధి ఉందో లేదో చెప్పే జన్యు పరీక్ష ఉందట, చేయించమని మా మరిది పోరు పెడుతున్నాడు. ఏం చేయమంటారు? – ఓ సోదరి

జవాబు: పరీక్ష చేయించకండి అమ్మా. ఒక పిల్లవాడు పెద్దయ్యాక నేరం చేస్తాడో లేదో చెప్పే జన్యు పరీక్ష లేదు. ఉందని ఎవరైనా డబ్బు అడిగితే మీ భయాన్ని సొమ్ము చేసుకుంటున్నారని అర్థం.

మీ అత్తగారి మాటకు పెద్ద చరిత్రే ఉంది. పుట్టుకతోనే నేరస్థులైనవాళ్లు ఉంటారని, దవడ, చెవులు, నుదురు చూసి వాళ్లను పోల్చుకోవచ్చని ఇటలీ వైద్యుడు చెజారె లోంబ్రోసో 1876లో రాశాడు. ఇంగ్లండులో జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు 3 వేల మంది ఖైదీల కొలతలు తీసి చూసి, అలాంటి ప్రత్యేకమైన రూపమేదీ లేదని 1913లో తేల్చాడు. అయినా ఆ నమ్మకం చావలేదు. మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ దాన్ని వర్తింపజేసింది. ఆ తెగల్లో పుడితే పొత్తిళ్లలోని బిడ్డకూ నేరస్థుడన్న ముద్ర పడింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాలను తెచ్చి నిఘా మధ్య ఉంచిన ఊరే. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు వింటే మొహం చిట్లించేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

అలాగని వంశపారంపర్యం ఏమీ లేదని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. ముక్కు మీద కోపం, నిలకడ లేకపోవడం, ముందూవెనకా చూడకుండా తెగించడం కొంతవరకు పుట్టుకతో వస్తాయి. డెన్మార్క్‌లో 14,427 మంది దత్తత పిల్లల వివరాలతో 1984లో ఒక అధ్యయనం వచ్చింది. కన్నవారికీ పెంచినవారికీ నేరచరిత్ర లేని మగపిల్లల్లో 13.5 శాతం మందికి శిక్షలు పడ్డాయి. కన్నవారికి మాత్రమే ఉన్నచోట అది 20 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ ఆ రెండో గుంపులోనూ నూటికి ఎనభై మంది ఏ శిక్షా పడకుండా బతికారు. పైగా ఆ సంబంధం దొంగతనం వంటి నేరాల్లోనే కనిపించింది, హింసాత్మక నేరాల్లో కనిపించలేదు. ఇది మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ చెప్పే రక్తంలో ఆవిడ వాటా కూడా ఉందన్న సంగతి నేను గుర్తుచేస్తే బాగుండదు.

మీ మరిది విన్నది బహుశా మావో-ఏ జన్యువు గురించి. మెదడులోని సెరటోనిన్, డోపమిన్ వంటి రసాయనాలను విడగొట్టే ఎంజైమ్‌ను తయారుచేయించే జన్యువు ఇది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన మగపిల్లల్లో, ఈ ఎంజైమ్‌ను తక్కువగా తయారుచేయించే రకం జన్యువు ఉండి చిన్నతనంలో దెబ్బలు, హింస అనుభవించినవాళ్లలో దుడుకుతనం ఎక్కువైందని 2002లో తేలింది. అదే జన్యువు ఉన్నా ఇంట్లో హింస లేనివాళ్లు అందరిలాగే పెరిగారు. ఆ మగపిల్లల్లో మూడో వంతుకు పైగా ఈ రకం జన్యువు ఉన్నవాళ్లే. ఇక పరీక్ష చేయించి ఏం తెలుసుకుంటారు?

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది మంచం కింద దూరాడన్న మాట. చేసింది తప్పని తెలిసి, భయమూ సిగ్గూ ముంచుకొచ్చిన పిల్లవాడు అలా దాక్కుంటాడు. పొడిచి వచ్చి, ఏమీ జరగనట్టు అన్నం తిని టీవీ పెట్టుకునే పిల్లవాడైతే నేను ఎక్కువ కంగారుపడేవాణ్ని. వాడి చేతిని కంపాస్ దాకా తీసుకెళ్లింది ఒక మాట. ఇంట్లో దుబాయ్, బడిలో జైలు. ఏది నిజమో అడగడానికి వాడికి ఎవరూ లేరు. కోపం వస్తే చెయ్యి లేవాలని వాడు చూసి నేర్చుకున్నాడు కూడా. పెద్దవాళ్లు బొమ్మను బాదడం చూసిన మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు తామూ అదే చేశారని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా 1961లో చూపించాడు. మీ వాడు చూసింది బొమ్మను కాదు, మిమ్మల్ని.

అయితే వైద్యుడికి చూపించడం అవసరం. నిలకడగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ ఉందా, చదువులో ఇబ్బందా, నిద్రలో ఉలిక్కిపడుతున్నాడా, ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడా, ఇవన్నీ చూడాలి. జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం, మళ్లీ మళ్లీ దొంగతనం ఉంటే దాచకుండా చెప్పండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. తప్పు చేసినప్పుడు వాడిని కొట్టకండి. ఆటలనో టీవీనో ఆ పూటకు ఆపండి, చాలు. కోపం వచ్చినా చెయ్యి ఎత్తని రోజున ‘ఇవాళ ఆపుకున్నావు, చూశాను’ అని వాడితో అనండి.

దుబాయ్ సంగతి ఈ వారమే సరిదిద్దండి. ‘నాన్న పెద్ద తప్పు చేశారు, అందుకే జైల్లో ఉన్నారు. అందులో నీ తప్పేమీ లేదు’ అంటే సరిపోతుంది, వివరాలు అక్కర్లేదు. ములాఖత్‌కు తీసుకెళ్లాలా అన్నది వాడు అడిగాక చూద్దాం. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు క్లాస్ టీచర్ రాసిచ్చిన కాగితం, పాత మందుల చీటీలు పట్టుకెళ్లండి. అత్తగారినీ వెంటబెట్టుకెళ్లండి. ఇంట్లో ఆ మాట ఆగాలంటే ఆవిడ డాక్టరు నోట వినాల్సిందే.