డాక్టర్ సలహా: నాన్నగారు దేవుడి గది తలుపు వేసేయమంటున్నారు.. ఇది డిప్రెషనేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. వ్యవసాయం చేసేవారు. క్లోమగ్రంథి క్యాన్సర్ కాలేయానికి కూడా పాకిందని, ఇక కీమో వల్ల ప్రయోజనం ఉండదని, ఇంటి దగ్గరే నొప్పి తెలియకుండా చూసుకోమని రెండు నెలల క్రితం డాక్టర్లు చెప్పారు. మార్ఫిన్ మాత్రలు వాడుతున్నాం. జబ్బు పేరు ఆయనకు చెప్పలేదు, కడుపులో పుండు అన్నాం. స్నానం చేసి దీపం పెట్టనిదే కాఫీ కూడా ముట్టని మనిషి, మూడు వారాలుగా దేవుడి గది తలుపు వేసేయమంటున్నారు. విష్ణు సహస్రనామం పెడితే కసురుకుంటున్నారు. ‘నేనెవరికి అన్యాయం చేశానని నాకీ రాత’ అంటూ గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. మొన్న పొలం పాసుపుస్తకం తెమ్మంటే ‘అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా’ అన్నాను. రోజూ కొవ్వూరులో వాన పడిందా అని అడుగుతున్నారు. క్యాన్సర్ మెదడుకు ఎక్కిందేమోనని భయంగా ఉంది. చుట్టాలు పూర్వజన్మ కర్మ అంటున్నారు. అన్నయ్య మృత్యుంజయ హోమం చేయిద్దామని, లేదా కాశీకి తీసుకెళదామని అంటున్నాడు. గట్టు తగాదాతో పన్నెండేళ్లుగా మాటల్లేని బాబాయికి కబురు పెడదామంటే, నాన్న ఆవేశపడతారని అమ్మ వద్దంటోంది. ఇది డిప్రెషనేనా? మందులేమైనా వాడాలా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసిన సంగతుల్లో రెండింటి దగ్గర నేను ఆగిపోయాను: పాసుపుస్తకం, కొవ్వూరు వాన. వాటి దగ్గరకు తర్వాత వస్తాను. ముందు శరీరం సంగతి చూడాలి. నొప్పి అదుపులో లేని మనిషిని పూజ ఎందుకు మానేశావని అడగడం, పస్తులున్న మనిషిని నీరసమెందుకని అడగడం లాంటిదే.

క్లోమగ్రంథి క్యాన్సర్ నొప్పి కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది; వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగితే కొంత తగ్గుతుంది. నాన్నగారు గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంటున్నారేమో చూడండి. మీరు అలక అనుకుంటున్నది నొప్పి కావచ్చు. మామూలు మార్ఫిన్ మాత్రను గడియారం చూసి సాధారణంగా నాలుగు గంటలకొకసారి వేయాలి తప్ప, ఆయన మూలిగే దాకా ఆగకూడదు. చాలా ఇళ్లలో అలవాటు పడిపోతారేమోనన్న భయంతో మాత్రలు దాచి దాచి ఇస్తుంటారు. ఈ దశలో ఆ భయం అనవసరం. మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు ఇస్తున్నారా? మూడు రోజులు విరేచనం కాకపోతే ఎంతటి శాంతమూర్తి అయినా కసురుకుంటాడు. కాలేయానికి కూడా జబ్బు పాకింది కాబట్టి మోతాదు మీ అంతట మీరు మార్చకండి. మాత్రలతో లొంగని నొప్పికి క్లోమం వెనుక ఉన్న నరాల గుచ్ఛానికి ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, అది ఆయనకు పనికొస్తుందేమో వైద్యుణ్ని అడగండి.

మెదడు విషయం. రాత్రి పగలు తారుమారు కావడం, దుప్పటి పీక్కోవడం, లేని మనుషులు కనబడుతున్నారనడం, మాట ఉన్నట్టుండి పొంతన తప్పడం, మగతగా ఉండిపోవడం వంటివి కనిపిస్తే అది కాలేయం వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో, మందుల వల్లనో వచ్చిన అయోమయ స్థితి కావచ్చు. ఆ రోజే వైద్యుడికి ఫోన్ చేయాలి. మిగతా మాటలన్నీ తిన్నగా మాట్లాడుతూ ఒక్క కొవ్వూరు వాన గురించే అడుగుతున్నారంటే మాత్రం నేను స్కానింగ్ కంటే ముందు ఇంకొకటి అడుగుతాను.

ఇక డిప్రెషన్. డిప్రెషన్ ఉన్న మనిషికి దేని మీదా మనసు పోదు. మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా, ఇష్టమైన పులుసు వాసన తగిలినా చలనం ఉండదు. తానెందుకూ పనికిరాననీ, అందరికీ బరువైపోయాననీ అంటూ ఉంటాడు. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారి కోపం అన్నిటి మీదా కాదు, ఒక్క దేవుడి మీదే. అయినా ఇది ఉత్తరం మీద తేల్చే విషయం కాదు కనుక మానసిక వైద్యుడికి ఒకసారి చూపించండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, ఆయన దగ్గర అంత వ్యవధి ఉందో లేదో తెలియదు కాబట్టి ఆలస్యం చేయకండి. చచ్చిపోవాలని ఉందని ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోకుండా వెంటనే వైద్యుడికి చెప్పండి. 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. మార్ఫిన్ మాత్రలు ఎప్పుడూ మీ చేతిలోనే ఉండాలి, ఆయన తలగడ పక్కన కాదు.

నొప్పీ, అయోమయం, డిప్రెషన్ కాక మిగిలేదాన్ని మేము ఆధ్యాత్మిక వేదన అంటాం. ఇది పురాణ కాలక్షేపానికి సంబంధించిన మాట కాదు, కేసు షీటులో రాసుకునే మాట. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి ఆ తర్వాత వైద్యం చదివిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో మరణానికి దగ్గరైన రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. మరణానికి దగ్గరైన రోగి బాధలో దేహం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ కలిసి ఉంటాయనీ, ఒకదాన్ని వదిలేసి ఇంకొకదాన్ని తగ్గించలేమనీ ఆమె చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పినీ, బాధనూ తగ్గించే సంరక్షణ) నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక సమస్యల ప్రస్తావన ఉంది. ‘నాకే ఎందుకు’, ‘నా బతుకుకు అర్థమేమిటి’, ‘నన్ను క్షమించేవారెవరు’ అన్న ప్రశ్నలు నాస్తికుడికీ వస్తాయి, కాబట్టి దీన్ని భక్తితో కొలవకూడదు.

కొన్నేళ్ల క్రితం మా దగ్గర చేరిన ఒకావిడ సంగతి, ఆనవాళ్లు మార్చి చెబుతాను. అండాశయ క్యాన్సర్. సాయంత్రమయ్యేసరికి నొప్పి నొప్పి అని మెలికలు తిరిగిపోయేది, మార్ఫిన్ పెంచినకొద్దీ మగత పెరిగేది తప్ప బాధ తగ్గేది కాదు. ఒకరోజు తలగడ గలీబు మార్చబోయిన నర్సుకు పసుపు గుడ్డలో కట్టిన ముడుపు దొరికింది, లోపల పదకొండు రూపాయలు. ‘ఏంటమ్మా ఇది’ అంటే ఏడ్చేసింది. జబ్బు బయటపడిన రోజున తిరుపతిలో తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట. ఈలోగా కీమో మొదలై ఉన్న జుట్టంతా దువ్వెనకు వచ్చేసింది. ‘స్వామికిస్తానన్నది ఆసుపత్రి చెత్తబుట్టలో పడింది, ఇంక నేనేం ఇవ్వను’ అంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మేమూ అడగలేదు, ఎందుకంటే మా ప్రశ్నల కాగితంలో నొప్పికి పదిలో ఎన్ని మార్కులన్నదే ఉంది. వాళ్ల అబ్బాయి ఆ ముడుపు తీసుకుని కొండకు వెళ్లి, అమ్మ పేరున తన తల ఇచ్చి వచ్చాడు. ఆవిడ ఆ నున్నటి తల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆవిడకు మార్ఫిన్ అక్కర్లేకుండా పోయిందని చెబితే అబద్ధం. కానీ సాయంత్రం పూట మోతాదు పెంచాల్సిన పని మాత్రం మళ్లీ రాలేదు.

మీ నాన్నగారి ముడుపు ఎక్కడుందో నేనిక్కడ కూర్చుని చెప్పలేను. కానీ మనిషికి పాసుపుస్తకం ఎప్పుడు గుర్తొస్తుంది? ఆయనకు తెలుసమ్మా. జబ్బు పేరు తెలియకపోవచ్చు, పుండుకు ఇన్ని మాత్రలు ఉండవని మాత్రం తెలిసే ఉంటుంది. ‘అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా’ అన్నప్పుడు మీరు ప్రేమతోనే అన్నారు. ఆయనకు మాత్రం ఈ ఇంట్లో దాని గురించి మాట్లాడకూడదన్న సంగతి అర్థమైంది. ఆయన మీ దగ్గర, మీరు ఆయన దగ్గర దాస్తూ, ఒకే గదిలో ఇద్దరూ ఒంటరిగా ఉంటున్నారు. నిజం చెప్పాలంటే కూర్చోబెట్టి రిపోర్టు చదివి వినిపించమని కాదు. ఆ పాసుపుస్తకం తీసుకెళ్లి చేతికివ్వండి. ‘ఏం చేయాలనుకుంటున్నావు నాన్నా’ అని అడగండి. జబ్బు గురించి ఆయనే కదిపితే, ‘నీకేమనిపిస్తోంది’ అని ముందు ఆయన చేత చెప్పించండి; అడిగినంత వరకే చెప్పండి, అబద్ధం మాత్రం కలపకండి. ఏడుపొస్తే ఏడవండి. మీకు చేతకాదనిపిస్తే మీ పాలియేటివ్ వైద్యుణ్నో నర్సునో దగ్గర ఉండమని అడగండి, అది మా పనిలో భాగమే. మీరు ప్రస్తుతం చూపిస్తున్న చోట ఆ విభాగం లేకపోతే, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ సంప్రదించవచ్చు.

బాబాయిగారు ఉండేది ఏ ఊళ్లోనో మీరు రాయలేదు. కొవ్వూరే అయితే, నాన్నగారు అడుగుతున్నది వాన గురించి కాదు. పన్నెండేళ్లుగా పేరు ఎత్తని తమ్ముడి క్షేమాన్ని ఒక రైతు అంతకంటే ఎలా అడుగుతాడు? అమ్మగారి భయమూ తీసిపారేయదగ్గది కాదు. అందుకే ఉన్నట్టుండి గుమ్మంలో దింపకుండా, ‘బాబాయికి ఫోన్ చేసి వానల సంగతి కనుక్కోమంటావా నాన్నా’ అని అడిగి చూడండి. వద్దంటే వదిలేయండి, రెండు రోజులాగి ఇంకోసారి అడగండి. వస్తే మాత్రం గట్టు ఎవరిదన్న పంచాయతీ ఆ మంచం దగ్గర తెరవకుండా చూసే బాధ్యత మీ అన్నయ్యది.

‘నేనెవరికి అన్యాయం చేశాను’ అన్నదానికి జవాబు చెప్పే ప్రయత్నం చేయకండి. వైద్యవృత్తిలో కొత్తలో నన్ను ఒక పెద్దాయన ఇదే అడిగితే, పొగతాగడం గురించీ, వయసుతో కణాల్లో వచ్చే మార్పుల గురించీ పది నిమిషాలు వివరించాను. ఆయన ఓపిగ్గా విని, ‘నేనడిగింది అది కాదు డాక్టరుగారూ’ అన్నారు. ఇప్పుడైతే కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంటాను. కర్మ సిద్ధాంతాన్ని తమకు తాముగా నమ్మి అందులో ఊరట పొందే రోగులున్నారు, వారితో నేను వాదించను; కానీ ఇంకొకరి మంచం పక్కన నిలబడి ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. అలాంటి చుట్టాలకు కాఫీ వీధి అరుగు మీదే ఇచ్చి పంపండి.

పూజ మానేసినందుకు కంగారుపడవద్దు. లేడనుకున్నవాడి మీద ఎవరూ కోప్పడరు. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న రాముణ్ని ఎంతలా నిలదీశాడో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆయన్నే మనం రామదాసు అన్నాం. తలుపు వేయమంటే వేయండి, గడియ మాత్రం పెట్టకండి. సహస్రనామం ఆపేయండి. మీకు దీపం పెట్టుకోవాలనిపిస్తే మీరు పెట్టుకోండి, ఆయన చూడాలని కాదు. పాత స్నేహితుడైన పూజారిగారో, చదువుకునే రోజుల నాటి మాస్టారో ఉంటే, ఉపదేశం చేయడానికి కాకుండా ఊరికే కాసేపు కూర్చోవడానికి రమ్మనండి. క్రైస్తవ కుటుంబాల్లో పాస్టరుగారినీ, ముస్లిం కుటుంబాల్లో ఇమాముగారినీ పిలిపించేటప్పుడు కూడా రోగిని అడిగాకే పిలిపించమని చెబుతుంటాను.

హోమం విషయంలో మొదటి ప్రశ్న అది ఎవరి కోసమన్నది. నయమవుతుందన్న ఆశ చూపి చేయిస్తే, అది జరగనప్పుడు తన భక్తి చాలలేదన్న నింద కూడా ఆయన మీదే పడుతుంది. ఆయనే కావాలంటే పెరట్లో, పొగ ఆయన గదిలోకి రాకుండా, క్లుప్తంగా చేయించండి. ఈ జబ్బులో సాంబ్రాణి వాసనకే వాంతి రావచ్చు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడాల్సి వస్తే దీపం, అగరుబత్తి ఆ గదిలో అసలు ఉండకూడదు. కాశీకి గోదావరి జిల్లాల నుంచి రైలులో రోజుకు పైగా ప్రయాణం. కాశీలో పోవాలని ఆయన ఏనాడైనా అనుకుని ఉంటే, మంచం దిగి నడవగలిగితే, మందుల చీటీ, వైద్యుడి లేఖ, సరిపడా మార్ఫిన్ దగ్గర పెట్టుకుని ఈ వారమే బయలుదేరే సంగతి వైద్యుడితో మాట్లాడండి. అది మీ అన్నయ్య కోరిక మాత్రమే అయితే, ఆయనకు తన పొలం గట్టు చూపించి తీసుకురావడం మేలు.

కెనడాకు చెందిన మానసిక వైద్యుడు హార్వీ చోచినోవ్ ఇలాంటి రోగుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు: జీవితంలో ముఖ్యమనుకున్నవీ, తనవాళ్లు గుర్తుపెట్టుకోవాలనుకున్నవీ రోగి చేతనే చెప్పించి, రాయించి, కుటుంబానికి అందజేస్తారు. మీరు ఫోనులో రికార్డు చేసినా చాలు. 1986 ఆగస్టు గోదావరి వరదప్పుడు ఆయనకు ముప్పై ఏళ్ల పైచిలుకు. ఆ రాత్రి గొడ్లను ఎటు తోలారో, గింజలు ఎక్కడ దాచారో అడగండి. పది నిమిషాలకు అలసిపోతే ఆపేయండి. వింటున్న మనవడిని పక్కన కూర్చోబెట్టండి.

చివరి రోజులు దగ్గరపడ్డాక ఆకలి పోతుంది, నిద్ర పెరుగుతుంది, గుటక పడదు. అప్పుడు తులసి తీర్థమైనా, గంగాజలమైనా చెంచాతో నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉక్కిరిబిక్కిరి అవుతారు. దూదిని తడిపి పెదవులకు అద్దండి. కళ్లు తెరవకపోయినా వినిపిస్తూ ఉండవచ్చు, కాబట్టి కర్మకాండ ఖర్చుల గురించి ఆ గదిలో మాట్లాడకండి. కొవ్వూరులో వాన పడితే ఆ మాట చెవి దగ్గర చెప్పండి.